అగ్గిపెట్టెల పల్లెలు, నూలుమిల్లుల పట్నాలు: ఏళాయిరంపన్నై నుంచి లోవెల్ దాకా

పారిశ్రామిక చరిత్రను రాసేవారు తరచుగా యంత్రంతో మొదలుపెట్టి, ఆవిరి, బొగ్గు, ఇనుము, రైలు అన్న వరుసలో నడిచి, ఆఖరున ఎక్కడో కూలి మనిషి దగ్గరకు వస్తారు. ఆ వరుసను తిరగవేసి, కూలి మనిషి రాత్రి ఎక్కడ పడుకుంది, పని దొరకని నెలల్లో ఆమె ఇంట పొయ్యి ఎలా వెలిగింది, ఫ్యాక్టరీ ఆమె ఊరికి వచ్చిందా లేక ఆమే ఊరు విడిచి ఫ్యాక్టరీకి వెళ్ళిందా అన్న ప్రశ్నలతో ఆరంభిస్తే, పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల అమెరికా ఈశాన్య రాష్ట్రాలూ, ఇరవయ్యో శతాబ్దపు తమిళనాడు దక్షిణ మెట్టసీమా ఊహించనంత దగ్గరి పోలికలతో కనిపిస్తాయి. ఆ మెట్టసీమలో విరుదునగర్ జిల్లా వెంబకోట్టై తాలూకాకు చెందిన ఏళాయిరంపన్నై ఒక పెద్ద గ్రామం. సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి అనే మూడు పట్టణాల నడుమ ఉండటం వల్ల ఆ మూడింటి పరిశ్రమల నీడా దాని మీద పడింది. అగ్గిపెట్టెల తయారీ, బాణసంచా తయారీ, పత్తి వ్యవసాయం కలిసి ఆ ప్రాంతపు బతుకును తీర్చిదిద్దాయి.

ఆ నేల నల్లరేగడి. తమిళంలో దాన్ని కరిసల్ అంటారు. వానపడితే బంకగా సాగి, ఎండితే కాలు దూరేటంత నెర్రెలు విచ్చే ఈ నేలను లోతుగా దున్నాలంటే బలమైన ఎడ్లు, బరువైన నాగలి, ఒక్క పదును కోసం నెలల తరబడి కాచుకొనే ఓర్పు కావాలి. తామ్రపర్ణి నది ఒడ్డున వరిమడుల్లో స్థిరపడిన పాత కుటుంబాలు అంతగా లక్ష్యపెట్టని ఈ మెట్ట భూములను విజయనగర కాలంలోనూ, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మొదలైన మధుర నాయకుల ఏలుబడిలోనూ ఉత్తరం నుంచి దిగివచ్చిన తెలుగు రైతు కులాలు, ముఖ్యంగా కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు సాగులోకి తెచ్చారు. వారితోపాటు తోలుపనీ పొలంపనీ చేసే తెలుగు మాట్లాడే అరుంధతీయులు కూడా వచ్చారు. తమిళులు వీరందరినీ కలిపి వడుగులు, అంటే వడక్కు నుంచి, ఉత్తరం నుంచి వచ్చినవారు అన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుతూ నాలుగైదు వందల ఏళ్ళు గడిపిన ఈ జనం వలస కథను కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తన తమిళ నవల 'గోపల్ల గ్రామం'లో చెప్పాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అమెరికా పరిశ్రమల చరిత్రలో వలస మనిషి ఫ్యాక్టరీ కోసం వచ్చినవాడు. ఇక్కడ వలస మనిషి ఫ్యాక్టరీకి మూడు నాలుగు శతాబ్దాల ముందే భూమి కోసం వచ్చి, భూమికి కట్టుబడిపోయినవాడు. తరువాతి కథంతా ఈ తేడా మీదనే నడుస్తుంది.

నాయకుల పాలనలో ఈ సీమను పాళెములుగా, అంటే సైనికసేవకు బదులుగా ఇచ్చిన చిన్న చిన్న ఏలుబడులుగా విభజించినప్పుడు ఏళాయిరంపన్నై కూడా ఒక పాళెం అయింది. 1799లో పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మనతో ఈస్టిండియా కంపెనీకి యుద్ధం వచ్చినప్పుడు ఏళాయిరంపన్నై పాలెగాడు కట్టబొమ్మన పక్షాన నిలిచాడు. ఆ ఏడు అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీసిన కంపెనీ, పాంచాలంకురిచ్చితోపాటు ఏళాయిరంపన్నై, నాగలాపురం, గోలార్‌పట్టి, కాడల్‌గుడి, కుళత్తూరు పాళెములను జప్తు చేసింది. కోటలు నేలమట్టమై, ఆయుధాలు లాగివేయబడి, పాలెగాళ్ళ కొలువులో బతికిన కుటుంబాలకు సేద్యం తప్ప వేరే దారి లేకపోయిన తరువాతనే ఈ సీమ పూర్తిగా పత్తి సీమ అయింది.

ఆ పత్తి చరిత్రలోనే అమెరికా తొలిసారి ఎదురవుతుంది, అదీ ప్రత్యర్థిగా. అమెరికాలో తొలి నూలుమిల్లులు నిలదొక్కుకోవడానికి ఆ దేశం ఎవరి మీద గోడ కట్టిందన్నది తెలుగు పాఠకులు సాధారణంగా వినని సంగతి. 1816 నాటి అమెరికా సుంకం చట్టం దిగుమతి నూలుబట్ట మీద నూటికి పాతిక వంతు పన్ను వేస్తూ, బట్ట అసలు ధర ఎంత తక్కువైనా చదరపు గజానికి 25 సెంట్లుగా లెక్కకట్టాలని నిబంధన పెట్టింది. ఇంగ్లండు నుంచి వచ్చే నాణ్యమైన బట్టకు ఈ నిబంధనతో పెద్ద నష్టం లేదు. దెబ్బ తగిలింది భారతదేశం నుంచి వెళ్ళే చవక ముతక బట్టకే. ఆ నిబంధనను చట్టంలో చేర్పించడానికి వాషింగ్టన్‌లో పట్టుబట్టి తిరిగినవాడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే బోస్టన్ వర్తకుడు. తరువాతి కాలంలో అమెరికా మిల్లు పట్నాలన్నింటిలోకీ ప్రసిద్ధమైనది అతని పేరు మీద వెలిసిందే. చేతిమగ్గం ముతక బట్టను బయటికి నెట్టిన దేశమే, అర్ధశతాబ్దం తరువాత తన అంతర్యుద్ధం వల్ల, 1861 నుంచి 1865 వరకు, ఈ సీమ పండించే తిరునెల్వేలి పత్తి ధరను ఆకాశానికి ఎక్కించింది. దక్షిణ రాష్ట్రాల రేవులు దిగ్బంధమై ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పత్తి అందకపోవడంతో, తూత్తుకుడి రేవు నుంచి తిన్నెవెల్లి అనే వ్యాపారనామంతో వెళ్ళిన కరిసల్ పత్తికి గిరాకీ పెరిగింది. అంతకుముందు 1840లో కంపెనీ ప్రభుత్వం అమెరికా నుంచి పదిమంది తోటల నిపుణులను రప్పించి, వారిలో కొందరిని మద్రాసు రాజధానికి పంపి, అమెరికా విత్తనాన్ని ఇక్కడ పాతుకొనేలా చేయాలని చూసింది. కానీ వానమీద ఆధారపడిన రైతు తన పాత విత్తనాన్ని అంత తేలిగ్గా వదల్లేదు. 1876 నాటికి తూత్తుకుడికి రైలు మార్గం తెరిచాక సాత్తూరు, కోవిల్‌పట్టి పత్తి మార్కెట్లుగా ఎదిగాయి. 1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏర్పడి అక్కడి దేశవాళీ కరుంగణ్ణి పత్తి రకాలను మెరుగుపరిచే పని చేపట్టింది.

పత్తి పండే చోట మిల్లు పెట్టాలన్న ఆశ సహజంగానే పుట్టింది. ఎట్టయపురంలో కవి సుబ్రహ్మణ్య భారతి తండ్రి చిన్నస్వామి అయ్యర్ విదేశీ యంత్రాలతో పత్తి మిల్లు పెట్టబోయి, ఆస్తినంతా పోగొట్టుకొని 1898లో మరణించాడు. నిలబడినవి బ్రిటిష్‌వారి మిల్లులు: హార్వీ సోదరులు 1880లలో పాపనాశం దగ్గర తామ్రపర్ణి జలపాతపు శక్తితో నడిచే మిల్లును, ఆ తరువాత తూత్తుకుడిలో కోరల్ మిల్లును, మధురలో మరొకదాన్ని నెలకొల్పారు. తూత్తుకుడి కోరల్ మిల్లులో 1908 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూలీలు పనిగంటల తగ్గింపూ కూలీ పెంపూ వారపు సెలవూ కోరి సమ్మె కట్టినప్పుడు, కోవిల్‌పట్టికి చేరువలోని ఒట్టపిడారంలో పుట్టిన వ. ఉ. చిదంబరం పిళ్ళై దానికి నాయకత్వం వహించి, గెలిపించి, కొద్దిరోజుల్లోనే అరెస్టయ్యాడు. తెలుగువారి చేతిలోని మిల్లులు కొంత ఆలస్యంగా, కోయంబత్తూరు వైపు నుంచి వచ్చాయి, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ తరువాత కోవిల్‌పట్టిలోనూ శాఖ పెట్టింది. అయినా మిల్లు గోడల లోపల పని దొరికినవారు కొద్దిమందే. కరిసల్ పల్లెల్లో మిగిలిన వేలాది ఆడవారికీ పిల్లలకూ తొలిసారి ఫ్యాక్టరీ కూలీ రుచి చూపించినది నూలు కాదు, నిప్పు.

ఆ కథకు ముందు అమెరికాలో ఫ్యాక్టరీ కూలీ ఏ రెండు దారుల్లో నడిచిందో చూడటం అవసరం. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో నూలుమిల్లు పని నేర్చిన శామ్యూల్ స్లేటర్, యంత్రాల నమూనాలనూ పనివారినీ దేశం దాటనివ్వని బ్రిటిష్ చట్టాల కన్నుగప్పి, యంత్రాల వివరమంతా బుర్రలో పెట్టుకొని 1789లో అమెరికా చేరాడు. 1790 చివర రోడ్ ఐలండ్‌లోని పావ్‌టకెట్‌లో నీటిశక్తితో నూలు వడికే యంత్రాలను నడిపించినప్పుడు అతని తొలి పనివారు ఏడు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలు. అతను అనుసరించిన పద్ధతి కుటుంబాన్ని మొత్తంగా పనిలో పెట్టుకోవడం: పిల్లలు మిల్లులో నూలు వడికితే, తండ్రికి పొలం పనో బండి పనో ఇచ్చేవారు, నూలును ఊళ్ళోని ఇళ్ళకు పంచి మగ్గాల మీద బట్ట నేయించేవారు, కూలీలో కొంత భాగం మిల్లు దుకాణంలో సరుకుల రూపంలో చేతికి వచ్చేది. రెండో దారి లోవెల్‌ది. 1814లో వాల్తామ్‌లో వడకడం, నేయడం రెండూ ఒకే కప్పు కింద చేసే మిల్లును నెలకొల్పిన బోస్టన్ వర్తకులు, ఫ్రాన్సిస్ లోవెల్ చనిపోయాక 1820లలో మెర్రిమాక్ నది ఒడ్డున అతని పేరుతో ఒక పట్నాన్నే కట్టి, న్యూ ఇంగ్లండ్ రైతు ఇళ్ళ నుంచి పెళ్ళికాని అమ్మాయిలను పిలిపించి, కంపెనీ కట్టిన హాస్టళ్ళలో ఉంచి, గంట మోగగానే లేచి, గంట మోగగానే తిని, రాత్రి పదికల్లా తలుపులు మూసేలా నియమాలు పెట్టి నడిపారు. వారానికి డెబ్బైకి పైబడిన గంటల పని. అమ్మాయిలు సొంత పత్రిక నడిపారు, కట్నానికీ అన్నదమ్ముల చదువుకూ డబ్బు దాచారు, 1834లో కూలీ తగ్గించినప్పుడూ 1836లో హాస్టలు ఖర్చు పెంచినప్పుడూ పని ఆపి వీధుల్లోకి వచ్చారు. వారు నేసిన బట్టకు పత్తి దక్షిణాదిన బానిసలు పండించినది. ఆ మాటను ఆనాటి హాస్టళ్ళలోనే కొందరు అమ్మాయిలు అడిగారు కూడా.

యజమానులు ఆ అమ్మాయిల సమ్మెలకు జవాబు వెతుక్కోనక్కర లేకపోయింది. ఐర్లండులో 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్ళి కరువు వచ్చి లక్షలాది మంది ఓడలెక్కినప్పుడు, ఇరవై ఏళ్ళ ముందే లోవెల్ కాలువలు తవ్విన ఐరిష్ కూలీల పక్కన వారి బంధుజనం వచ్చి చేరింది. లోవెల్‌లోని హామిల్టన్ కంపెనీ జాబితాలను బట్టి, 1836లో నూటికి నలుగురు కూడా లేని విదేశీ పనివారు 1860 నాటికి అరవై దాటారు. రైతు కూతురు పని నచ్చకపోతే ఇంటికి పోగలదు, ఆమెకు వెనక ఒక పొలం ఉంది; సముద్రం దాటి వచ్చిన ఐరిష్ మనిషికి వెనక్కి పోవడానికి ఏమీ మిగలలేదు. అమెరికా ఫ్యాక్టరీలో క్రమశిక్షణ ఎంతో కొంత ఈ లెక్క నుంచే వచ్చిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

శివకాశిలో ఆ లెక్క వేరుగా నడిచింది. నాడార్ కులానికి చెందిన పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అనే ఇద్దరు బంధువులు 1922లో కలకత్తా వెళ్ళి, నెలల తరబడి ఉండి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని, 1923లో తిరిగివచ్చి శివకాశిలో ఫ్యాక్టరీ పెట్టారు. స్లేటర్ మాదిరే వీరూ పనిని తలకెక్కించుకొని వచ్చారు, అయితే దొంగచాటుగా కాదు. కాలం కూడా కలిసివచ్చింది: 1922లో ప్రభుత్వం దిగుమతి అగ్గిపెట్టెల మీద గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు, రూపాయిన్నర సుంకం వేయడంతో అప్పటి దాకా మార్కెట్టును ఏలిన స్వీడన్, జపాన్ సరుకు ప్రియమైంది. అదే సుంకం తప్పించుకోవడానికి స్వీడిష్ సంస్థ 1923లోనే విమ్‌కో పేరిట భారతదేశంలోనే యంత్రాల ఫ్యాక్టరీలు పెట్టింది. అంతకు పదేళ్ళ ముందు, 1913లో, తెల్ల భాస్వరంతో చేసే అగ్గిపుల్లలను చట్టం నిషేధించింది. పనివారి దవడ ఎముకను కుళ్ళబెట్టే ఆ విషాన్ని అమెరికా కూడా 1912లో భరించలేనంత పన్ను వేసి వెళ్ళగొట్టింది. అందువల్ల శివకాశిలో పుల్ల తలకు భాస్వరం లేకుండా, పెట్టె పక్కన మాత్రం ఎర్ర భాస్వరం పూసే సేఫ్టీ అగ్గిపెట్టె వాడుకలోకి వచ్చింది.

చెయ్యి చేసే పనికి యంత్రం పోటీ పడలేదన్నది ఆ తొలి యజమానులు తొందరగానే గ్రహించిన సత్యం. ఇక్కడ గాలి పొడి. పుల్లలూ మందూ ఎండలో ఆరుతాయి. వాన తక్కువ, మూడేళ్ళకొకసారి పంట పోతుంది, చెయ్యి చవక. మెత్తని కలప దుంగలు కేరళ వైపు నుంచి వచ్చేవి; వాటిని రేకులుగా చీల్చి పుల్లలుగా నరికిన తరువాత పనంతా చేతుల మీద నడిచేది. ఆడవారూ అమ్మాయిలూ నేల మీద బాసిపట్టు వేసుకొని కూర్చొని, గాడులు చెక్కిన సన్నని చెక్క పలకల మీద ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క పుల్లను అమర్చి, పలక మీద పలక పేర్చి, చట్రంలో బిగించేవారు. ఎన్ని చట్రాలు నింపితే అంత కూలీ. ఒక పుల్ల వంకరగా ఉన్నా, పొడవు తప్పినా, మందు అంటని పుల్ల మిగిలి చట్రం తిరిగివచ్చేది. చట్రాన్ని ముందు కరిగించిన మైనంలో, తరువాత పొటాషియం క్లోరేట్, గంధకం, జిగురు వంటివి కలిపిన మందులో ముంచేది మగవారు. ఆ గదిలో వేడి, పొగ, ఘాటు వాసన. ఆరిన పుల్లలను పెట్టెల్లో నింపడం, లేబుల్ అంటించడం, సుంకం చెల్లించినందుకు గుర్తుగా బ్యాండెరోల్ అనే సన్నని కాగితపు పట్టీ చుట్టడం, గ్రోసుల్లో కట్టడం మళ్ళీ ఆడవారి పనిగా ఉండేది. లోపలి పెట్టె, పైపెట్టె మడిచి జిగురు పెట్టే పనిని ఇళ్ళకు పంచేవారు. కరెంటు లేని ఇళ్ళలో దీపం వెలుగున తల్లీ ముసలమ్మా చిన్నపిల్లా కలిసి పెట్టెలు చేసేవారు. రోడ్ ఐలండ్ మిల్లు నూలును ఇళ్ళకు పంచి బట్ట నేయించినట్టే ఇదీ. ఒక తేడా ఏమిటంటే, అక్కడ ఇంటి మగ్గాన్ని మర మగ్గం ఇరవై ముప్పై ఏళ్ళలో మింగివేయగా, ఇక్కడ ఇంటి పని అర్ధశతాబ్దానికి పైగా నిలిచింది.

నిలవడానికి కారణం ఒక పన్ను చట్టం. 1934లో అగ్గిపెట్టెల మీద ఎక్సైజ్ సుంకం వచ్చినప్పుడు, అంటే దిగుమతి మీద కాక దేశంలో తయారైన సరుకు మీద పన్ను పడినప్పుడు, పెద్ద యంత్రాల ఫ్యాక్టరీలతో చిన్నవి పోటీ పడలేవన్న వాదన బయలుదేరింది. దాని ఫలితంగా ఉత్పత్తి పరిమాణాన్ని బట్టి తరగతులు ఏర్పడి, యంత్రం లేని చిన్న ఫ్యాక్టరీకి తక్కువ సుంకం, కుటీర స్థాయికి మరీ తక్కువ సుంకం పడింది. ఉద్దేశం మంచిదే, కానీ వర్తకుని బుద్ధి చట్టం కంటే ఒక అడుగు ముందుంటుంది: ఒక పెద్ద ఫ్యాక్టరీ బదులు, బంధువుల పేర్లతో, పక్కపక్క ఊళ్ళలో, తక్కువ సుంకపు హద్దు దాటని అనేక చిన్న ఫ్యాక్టరీలు పెట్టడం లాభసాటి అయింది. విద్యుత్తు లేని చోట ఇరవై మంది ఉంటే గాని ఫ్యాక్టరీ చట్టం పట్టేది కాదు కాబట్టి, చిన్నతనం మరో విధంగా కూడా కలిసివచ్చింది. పరిశ్రమ శివకాశి నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి, కళుగుమలై, ఏళాయిరంపన్నై చుట్టుపక్కల పల్లెలకు పాకిన దారి ఇదే. యంత్రాలను నదీతీరానికి చేర్చి అక్కడికి మనుషులను రప్పించుకొన్నవి లోవెల్ మిల్లులు; అగ్గిపెట్టెల 'ఆఫీసు', ఆ పల్లెల్లో ఫ్యాక్టరీకి ఉన్న పేరు అదే, మనుషులున్న చోటికి తానే వచ్చింది. రాలేని చోటికి తెల్లవారక ముందే బస్సు పంపింది.

ఆ బస్సు ఎవరి కోసం వెళ్ళేదో చూస్తే పాత వలస చరిత్ర తిరిగి కళ్ళకు కడుతుంది. నల్లరేగడి మీద పత్తి, జొన్న, సజ్జ వేసి వాన కోసం ఎదురుచూసే చిన్న రైతు ఇల్లు, వాటిలో చాలా తెలుగు ఇళ్ళు. పొలం లేని అరుంధతీయుల ఇల్లు. ఇద్దరి ఇంటి నుంచీ అమ్మాయిలు ఒకే బస్సు ఎక్కారు. భూమి ఉన్న ఇంట కూతురి కూలీ కరువు ఏడాదికి అడ్డుకట్ట. భూమి లేని ఇంట అదే అసలు బతుకు. కొందరు ఏజెంట్లు ముందుగా అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు తీరేదాకా పిల్లను పనికి పంపమనేవారు. యజమానికి మాత్రం ఆ ఇళ్ళలో ఉన్న కాస్త పొలమూ, పశువూ, అరువు సరుకిచ్చే కిరాణా కొట్టూ కలిసి ఫ్యాక్టరీ కూలీని తక్కువగా నిలిపి ఉంచాయి. ఐరిష్ కూలీకి కంపెనీ అద్దె ఇల్లయినా, సారాయి కొట్టయినా పట్నం సమకూర్చాల్సి వచ్చింది. ఇక్కడ ఇల్లూ కూడూ ఊరే ఇచ్చింది. లోవెల్ చరిత్రకారులు 'హాస్టలు వ్యవస్థ' అంటూ రాసినదానికి ఇక్కడ సాటి చూపాలంటే అది 'ఊరి వ్యవస్థ' అవుతుంది, అది చూపులకు మెత్తనిది, ఖర్చు లేనిది, అందుకే ఎదిరించడం కష్టమైనది. పావ్‌టకెట్‌లో 1824లోనే నేతపని చేసే ఆడవారు సమ్మె కట్టారు. చెదిరిన పల్లెల్లో, బంధువుల పెత్తనంలో, ముక్కకింత కూలీ మీద పనిచేసే అమ్మాయిలకు అలా ఒకచోట చేరే వీధే లేదు.

పిల్లల విషయంలో రెండు దేశాల దారులూ ఒక మలుపు దగ్గర విడిపోయాయి. మసాచుసెట్స్ 1836లో పదిహేనేళ్ళ లోపు పనిపిల్లలు ఏటా మూడు నెలలు బడికి పోవాలని చట్టం చేసి, 1852లో నిర్బంధ విద్యను తెచ్చింది. రెండూ సరిగా అమలు కాలేదు గాని, బడి అన్నది ఫ్యాక్టరీకి పోటీదారుగా నిలిచింది. తమిళనాడులో బడి వైపు మొదటి గట్టి అడుగు ఈ సీమ మనిషిదే: విరుదునగర్‌లో పుట్టిన ముఖ్యమంత్రి కామరాజ్ 1956లో మధ్యాహ్న భోజన పథకాన్ని కోవిల్‌పట్టి పక్కనున్న ఎట్టయపురంలో ప్రారంభించాడు. అయితే శివకాశి ప్రాంతంలో బడి అన్నం కంటే ఫ్యాక్టరీ చిల్లర బరువు ఎక్కువై కనిపించిన ఇళ్ళు చాలా ఉండేవి. 1976లో పిల్లలతో వెళ్తున్న ఒక ఫ్యాక్టరీ బస్సు ప్రమాదంలో అనేకమంది చనిపోయాక బయటి ప్రపంచం ఇటు చూడటం మొదలుపెట్టింది. చలం బెన్నూర్‌కర్ 1990లో 'కుట్టి జపానిన్ కుళందైగళ్' అనే డాక్యుమెంటరీ తీశాడు, శివకాశికి చిన్న జపాన్ అన్న పేరు అప్పటికే ఉంది. సుప్రీంకోర్టు ముందుకు ఎం. సి. మెహతా తెచ్చిన కేసులో పేర్కొన్న లెక్కల ప్రకారం 1985 చివరికి ఆ ప్రాంతంలో 221 రిజిస్టరైన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, వాటిలో 27,338 మంది పనివారు, వారిలో 2,941 మంది పిల్లలు. ఇది రిజిస్టరైనవాటి లెక్క. రిజిస్టరు కాకుండా ఉండటమే లాభమైన పరిశ్రమలో ఆ సంఖ్య ఎంత భాగమన్నది చదువరి తానే ఊహించుకోవచ్చు. 1996 డిసెంబరు 10న కోర్టు, ప్రమాదకర పనిలో పెట్టుకున్న ఒక్కొక్క పిల్లకూ యజమాని 20,000 రూపాయలు చెల్లించాలనీ, ఆ ఇంటి పెద్దవారిలో ఒకరికి పని దొరికేలా ప్రభుత్వం చూడాలనీ తీర్పు చెప్పింది. పిల్లలు ఫ్యాక్టరీ వదలడానికి తీర్పు ఎంత కారణమో, పుల్లలు పేర్చే యంత్రం రావడం, ఊరూరా హైస్కూలు రావడం కూడా అంతే కారణం.

బాణసంచా కథ అగ్గిపెట్టెల కథకు తమ్ముడు. 1940లో పేలుడు పదార్థాల నియమాలు వచ్చి లైసెన్సు తప్పనిసరి అయిన తరువాత, యుద్ధం వల్ల దిగుమతి ఆగిన కాలంలో, అగ్గిమందు తెలిసిన చేతులు టపాకాయలకు మళ్ళాయి. ఒక గదికి నలుగురికి మించకూడదు, గదుల మధ్య దూరం ఉండాలి, మందు కలిపే చోట లోహపు పనిముట్లు ఉండకూడదు అన్న నియమాలన్నీ కాగితం మీద గట్టివే. గొడవ వచ్చేది లైసెన్సు ఉన్నవాడు గదులను విడివిడిగా కౌలుకు ఇచ్చినప్పుడు. ప్రతి కౌలుదారూ తన గదిలో వీలైనంత మందిని కూర్చోబెట్టి, దీపావళి ముందు వేగం పెంచుతాడు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టిలో, 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గరి అచ్చంకుళంలో జరిగిన పేలుళ్ళలో పదుల కొద్దీ మనుషులు చనిపోయారు; రెండోసారి చనిపోయినవారిలో ఏళాయిరంపన్నై చుట్టుపక్కల ఊళ్ళ ఆడవారున్నారు. న్యూయార్క్‌లో 1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో తలుపుకు తాళం వేసి ఉండగా రేగిన మంటల వల్ల 146 మంది ప్రాణాలు పోయినప్పుడు, చనిపోయినవారిలో ఎక్కువమంది కొత్తగా వలస వచ్చిన యూదు, ఇటాలియన్ అమ్మాయిలు. ఆ తరువాత కొద్ది ఏళ్ళలో న్యూయార్క్ రాష్ట్రం డజన్ల కొద్దీ రక్షణ చట్టాలు చేసింది, ఎందుకంటే ఆ పరిశ్రమలోని అమ్మాయిలు అప్పటికే యూనియన్‌గా నగరం నడిబొడ్డున నిలిచి ఉన్నారు. అచ్చంకుళం మృతులు వేర్వేరు ఊళ్ళ వారు. ఒక్కొక్క ఊరు తనవారినే ఏడ్చింది.

ఇరవయ్యో శతాబ్దం చివర్న లోవెల్ పద్ధతి ఈ సీమకు నిజంగానే వచ్చింది, అయితే నిప్పు కోసం కాదు, మళ్ళీ నూలు కోసమే. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్ వైపు స్పిన్నింగ్ మిల్లులు దక్షిణ జిల్లాల మెట్ట పల్లెల్లో ఏజెంట్లను పెట్టి, పెళ్ళికాని అమ్మాయిలను మూడేళ్ళ ఒప్పందం మీద తీసుకెళ్ళి, మిల్లు ఆవరణలోని హాస్టల్లో ఉంచి, కాలం పూర్తయ్యాక పెళ్ళి ఖర్చుకని ఒక మొత్తం ఇస్తామన్నాయి. దానికి సుమంగళి పథకం అన్న పేరు పడింది. గేటు దాటి బయటికి పోవడానికి అనుమతి, ఫోను మీద కట్టడి, మధ్యలో మానేస్తే ఆ మొత్తం పోవడం వంటి నియమాలు బయటపడి, ఆ పేరుతో నడపడం మీద విమర్శ పెరిగాక మిల్లులు పేరు మార్చాయి, కొన్ని పద్ధతి కూడా మార్చాయి. కట్నం కోసం దాచుకునే అమ్మాయి, తలుపు మూసే వేళ, ఊరి పరువు కాపాడే వార్డెను అన్నీ మెర్రిమాక్ ఒడ్డున 1830లలో ఉన్నవే. ఇక్కడ లేనిది ఒక్కటే, ఆ అమ్మాయిలు నడిపిన పత్రిక.

అగ్గిపెట్టెల పరిశ్రమలో చేతిపనికి పన్ను ఇచ్చిన రక్షణ 2020 ఏప్రిల్ 1తో ముగిసింది: అప్పటి దాకా చేతితో చేసినదానికి 5 శాతం, యంత్రంతో చేసినదానికి 18 శాతంగా ఉన్న జీఎస్టీ రెండింటికీ 12 శాతమైంది. దాంతో కోవిల్‌పట్టి, సాత్తూరు చుట్టూ పూర్తి యంత్రాల లైన్లు పెరిగాయి. చట్రాలు పేర్చిన చేతులు ప్యాకింగ్‌కో, బాణసంచాకో, ప్రభుత్వ ఉపాధి హామీ కింద దొరికే నూరు రోజుల పనికో మళ్ళాయి. పద్నాలుగేళ్ళ పాటు ఒక రూపాయి దగ్గర ఆగిన పెట్టె ధర 2021 డిసెంబరు 1న రెండు రూపాయలయింది, పెట్టెలో పుల్లల సంఖ్య పెరిగింది. చైనా నుంచి వచ్చే చవక ప్లాస్టిక్ లైటర్లు పరిశ్రమను తినేస్తున్నాయన్న కోవిల్‌పట్టి తయారీదారుల వినతి మీద, 2023 జూన్ చివర కేంద్రం 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని నిషేధించింది. 1816లో అమెరికా చవక బట్టకు ఒక కనీస ధర కట్టి ఆపినట్టే, ఇక్కడా గీత గీసినది ధర మీదనే. లైటర్ వ్యాపారులు దానికి వెతికిన దారి కూడా పాతదే, లైటరును విడిభాగాలుగా దింపి ఇక్కడ బిగించడం; ఆ విడిభాగాల మీద కూడా నిషేధం కావాలని అగ్గిపెట్టెల తయారీదారులు ఢిల్లీకి తిరిగారు.